‘పట్టదు’ అనే కబురు

మా చిన్నత్తకు భయం ఎక్కువ. ఇంట్లోంచి బయల్దేరితే తాళం వేస్తుంది, నాలుగు మెట్లు దిగుతుంది, మళ్ళీ ఎక్కి తాళం లాగి చూస్తుంది. అందుకని మా నాన్న ఆమెకు ‘నాలుగు మెట్లు’ అని పేరు పెట్టాడు. “నాలుగు మెట్లు ఇంకా ఆఫీసు నుంచి రాలేదా?” అని అడిగితే ఇంట్లో ఎవరూ నవ్వరు కూడా, అంత అలవాటైపోయింది. ఆమెకూ కోపం రాదు. “లాగి చూస్తే పోయేదేముందన్నయ్యా?” అంటుంది.

ఆమె పని చేసేది ఒక స్కానింగ్ కంపెనీలో. హెడ్డాఫీసు ఒకచోట, ఐదు బ్రాంచీలు ఐదు చోట్ల. బ్రాంచీల్లో యంత్రాలుంటాయి, వాటిని నడిపే మనుషులుంటారు, ఆ బొమ్మల్ని చదివే డాక్టరు మాత్రం ఉండడు. చదివేది హెడ్డాఫీసు రెండో అంతస్తులో, కర్టెన్లు మూసిన గదిలో కూర్చునే పెద్ద డాక్టరుగారు. బ్రాంచిలో తీసిన బొమ్మ ఆయన ముందున్న తెర మీదికి రావాలి. దారిలో ఎవరి కంటా పడకూడదు. అందుకని ఒక్కో బ్రాంచికీ హెడ్డాఫీసుకీ మధ్య ఒక వీపీఎన్ టన్నెల్. ఆ ఐదు టన్నెళ్ళనీ చూసుకునేది మా అత్త ఒక్కతే.

టన్నెలంటే సొరంగమని ఎవరో చెప్పగా విన్న నానమ్మ, పక్కవాటా ఆవిడ అడిగినప్పుడు “మా అమ్మాయి సొరంగాలు చూసుకుంటుంది” అని చెప్పేసింది. ఆవిడ “అయ్యో, ఆడపిల్లకి అలాంటి పనేమిటండీ, దుమ్మూ ధూళీ” అని వారం రోజులు జాలిపడింది.

ఆ వారం చివర అత్త ఉతికిన బట్టలు మడతపెడుతూ నానమ్మకు పాఠం చెప్పింది.

“నిజం సొరంగం ఏమీ లేదమ్మా. అందరూ తిరిగే రోడ్డే. మన సామాను ఎవరికీ కనబడకుండా మూటకట్టి, దాని మీద ఇంకో గుడ్డ చుట్టి, ముడేసి పంపుతాం. అవతల విప్పుకుంటారు.”

“అలా గుడ్డ మీద గుడ్డ చుడితే మూట లావవదుటే?”

“అవుతుంది.”

“మరి దారిలో ఏ గుమ్మంలోనో పట్టకపోతే?”

“పట్టదని కబురొస్తుంది. అప్పుడు ఇంకా చిన్న మూటలు కట్టి పంపుతాం.”

నానమ్మకు అంతటితో అర్థమైపోయింది. ఆమెకు అర్థమైనంత తేలిగ్గా నాకు ఏ పాఠమూ అర్థం కాలేదు. ఈ కథ తెలియడానికి ఆ పాఠం చాలు.

అత్త కూర్చునే గది ఒకప్పుడు సామాన్ల గది. కిటికీ లేదు. గోడకు ఒక తెర, తెర మీద ఐదు గుండ్రటి దీపాలు. టన్నెల్ బాగుంటే పచ్చ, తెగితే ఎరుపు. కుర్చీకి ఒక చెయ్యే ఉంది. రెండో చెయ్యి ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న అతని కాలంలోనే ఊడిపోయింది. అతను ఒక పొరపాటు చేశాడు. పొద్దున చేశాడు, మధ్యాహ్నానికి బ్యాగు సర్దుకోమన్నారు. అతని టీ కప్పు ఇంకా అలమారలో ఉంది. అత్త దాన్ని పారెయ్యలేదు, వాడనూ లేదు. ఆ కప్పు కనబడినప్పుడల్లా గుండెల్లో కలుక్కుమంటుందని చెప్పింది.

ఒక సోమవారం కంపెనీకి ఒక తనిఖీ ఆయన వచ్చాడు. కంప్యూటర్ల భద్రత చూసిపోయే మనిషి. పోతూ పోతూ పదకొండు అంశాల కాగితం ఇచ్చాడు. తొమ్మిదోది: బయటి రోడ్డు మీంచి మన గుమ్మాల్లోకి వచ్చే అనవసరపు కబుర్లన్నీ ఆపెయ్యాలి. అత్తకు కాగితమంటే భయం, కాగితం ఇచ్చిన మనిషంటే ఇంకా భయం. ఆ సాయంత్రమే, బ్రాంచీలు మూసేవేళకు, ఐదు చోట్లా ఉన్న ఫైర్‌వాల్ అనే కాపలా పెట్టెల్లో ‘బయటి కబుర్లు ఆపు’ అనే గడి దగ్గర టిక్కు పెట్టింది. ఒక్క కబురు మాత్రం ఉంచుకుంది. ‘ఉన్నావా?’ అని అడిగితే ‘ఉన్నాను’ అని వచ్చే పలకరింపు. టన్నెల్ బాగుందో లేదో ఆమె రోజూ చూసుకునేది దాంతోనే మరి.

టిక్కు పెట్టాక ఐదు బ్రాంచీలనూ పలకరించింది. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను. తన అలవాటు ప్రకారం లిఫ్టు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ పలకరించింది. అన్నీ పలికాయి. తీసుకున్న జాగ్రత్తలో లోపం లేదనుకుంది. నోట్‌బుక్కులో తారీకు వేసి, ‘9వ అంశం, ఐదు చోట్లా అయింది’ అని రాసి, ఇంటికి వచ్చి హాయిగా భోంచేసింది.

మర్నాడు పది ఇరవైకి మూడో బ్రాంచి నుంచి ఫోన్. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి.

“అక్కా, బొమ్మలు పోవడం లేదు.”

అత్త తెర వైపు చూసింది. ఐదూ పచ్చగానే ఉన్నాయి. పలకరించింది. ఉన్నాను, అంది మూడో బ్రాంచి.

“టన్నెల్ బాగానే ఉందే. ఒకసారి మళ్ళీ పంపమను.”

“మూడుసార్లు పంపాడక్కా. అక్కా, ఇక్కడ ఒకాయన... రంగులేసే ఆయన. నిచ్చెన మీంచి పడ్డాడు. వచ్చినప్పుడు బానే మాట్లాడాడు, నా పేరు కూడా అడిగాడు. ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు. వాంతి చేసుకున్నాడు.” గొంతు తగ్గించింది. “వాళ్ళావిడ నా ఎదురుగానే కూర్చుంది.”

ఆ రంగులాయనకు తుంటి ఎముక విరిగింది, అది అందరికీ కనబడుతోంది. తలలో ఏమైందో ఎవరికీ కనబడడం లేదు. తలలో నెత్తురు కారుతుంటే గంట దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోయి తల తెరవాలి. కారకపోతే విరిగిన తుంటితో ఉన్న మనిషిని గంటసేపు రోడ్డు మీద కుదపకూడదు. పక్కనున్న ఎముకల ఆసుపత్రి వాళ్ళు పెద్ద డాక్టరుగారి మాట కోసం ఆగారు. స్కాన్ తీసే అతను తన తెరను ఫోన్‌తో ఫోటోలు తీసి పంపాడు. “ఇందులో ట్యూబ్‌లైటు తప్ప నాకేమీ కనబడడం లేదు, అసలు బొమ్మలు పంపండి” అన్నారు డాక్టరుగారు.

అత్త డాక్టరుగారి జాబితాను తన తెర మీద తెరిచింది. రంగులాయన పేరు వచ్చింది. వయసు వచ్చింది, యాభై రెండు. ‘తల’ అని వచ్చింది. దాని పక్కన, వచ్చిన బొమ్మలు: 184లో 0.

మనిషి పేరొచ్చి మనిషి రాకపోవడం అంటే ఏమిటో ఆమెకు చప్పున తట్టలేదు. తెగిపోతే అన్నీ తెగిపోవాలి. బాగుంటే అన్నీ రావాలి. ఈ సగమేమిటి?

పదకొండింటికి మేనేజరుగారు ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డారు. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టించారు. ఒకవైపు మూడో బ్రాంచి అమ్మాయి. ఇంకోవైపు, ఆ బ్రాంచికి నెట్ ఇచ్చే కంపెనీ అతను.

“మా వైపు అంతా క్లియర్‌గా ఉంది సార్” అన్నాడు నెట్ అతను.

“మీ వైపు ఎప్పుడు క్లియర్‌గా లేదు చెప్పు? పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా ప్రతిసారీ క్లియరే!”

“నిజం సార్. పొద్దున ఎనిమిదింటికి మావాళ్ళు వచ్చి కొత్త మోడెమ్ డబ్బా కూడా పెట్టారు. పాతదానికన్నా మంచిది.”

“ఏం పెట్టారు?” అన్నారు మేనేజరుగారు.

“కొత్త డబ్బా సార్. అందరికీ మారుస్తున్నాం.”

“అదిగో! దొరికావు. నిన్నటిదాకా పోయిన బొమ్మలు ఇవాళ పోవడం లేదంటే, ఇవాళ ఏం మారిందయ్యా? నీ డబ్బా. తీసెయ్యి. పాతది పెట్టు.”

“పాతది గోడౌన్‌కి పోయింది సార్. తెప్పించాలి.”

“ఎంతసేపు?”

“ముప్పావు గంట... గంట.”

“గంటా! అక్కడ మనిషి పోతుంటే నీకేం పట్టదా?”

పట్టదు అనే మాట చెవిన పడగానే తన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయని అత్త చెప్పింది. వాళ్ళిద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. ఆమె పలకరింపును మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చిన్న మూట కాదు. వెయ్యి అక్షరాల మూట కట్టి పంపింది. ఉన్నాను, అంది బ్రాంచి. పదమూడు వందలు. ఉన్నాను. పద్నాలుగు వందలు. ఉన్నాను. పద్నాలుగు వందల యాభై.

ఏమీ రాలేదు.

ఉన్నానని రాలేదు, పట్టదని కూడా రాలేదు. మూట వెళ్ళింది, దారిలో ఎక్కడో మాయమైంది. వెనక్కి తగ్గింది. 1420 వెళ్ళింది. 1430 మాయం. 1424 వెళ్ళింది. 1425 మాయం. ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరానికి ఇవతల పేరూ, వయసూ, ‘ఉన్నావా’, ‘ఉన్నాను’. అవతల ఆ మనిషి తల.

అప్పుడర్థమైంది. కొత్త డబ్బా గుమ్మం కాస్త ఇరుకు. అది తప్పు కాదు, లోకంలో ఎన్నో గుమ్మాలు ఇరుకే. ఇరుకు గుమ్మం దగ్గర మూట ఆగితే పట్టదని కబురు రావాలి, ఆ కబురు వినగానే యంత్రం తనంతట తనే చిన్న మూటలు కట్టాలి. కబురు వచ్చే ఉంటుంది. పొద్దుట్నుంచీ వస్తూనే ఉండి ఉంటుంది. దాన్ని లోపలికి రానివ్వకుండా తలుపు మూసింది ఎవరు?

తొమ్మిదో అంశం, ఐదు చోట్లా అయింది.

ఆమె నిన్న రెండుసార్లు పలకరించి చూసింది కదా. పిడికెడంత మూటతో చూసింది. మూసిన తలుపు ఎంత గట్టిగా ఉందో లాగి చూసింది గానీ, ఎవరిని బయట పెట్టి మూసిందో చూసుకోలేదు.

“అయితే పాత డబ్బా తెప్పించమంటారా సార్?” అంటున్నాడు నెట్ అతను.

“తెప్పించమనక? పరుగెత్తించు!”

ఇక్కడ అత్త కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎంతసేపో ఆమె నాకు చెప్పలేదు. మొదటిసారి చెప్పినప్పుడు “ఒక నిమిషం” అంది. రెండోసారి “రెండు మూడు నిమిషాలుంటుంది” అంది. మూడోసారి అడిగితే, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది.

ఆ నిమిషాల్లో ఆమె బుర్రలో తిరిగింది ఇది. పాత డబ్బా వస్తే గుమ్మం వెడల్పవుతుంది, బొమ్మలు పోతాయి. తప్పు నెట్ అతనిది అవుతుంది, ఇప్పటికే అయిపోయింది. ఎవరూ ఆమె వైపు చూడను కూడా చూడరు. తర్వాత తీరిగ్గా ఆ టిక్కు తీసెయ్యొచ్చు. ఆమె కుర్చీ, ఆమె గది, ఆమె ఐదు దీపాలు అలాగే ఉంటాయి. పోయేదల్లా ఒక గంట. ఆ గంట తనది కాదు.

స్పీకర్‌లోంచి మూడో బ్రాంచి అమ్మాయి గొంతు. ఫోన్‌తో కాదు, పక్కన ఎవరితోనో మాట్లాడుతోంది. “లేదమ్మా, చూస్తున్నారమ్మా, పెద్ద డాక్టరుగారు చూస్తున్నారు. మీరు కూర్చోండి. ఆయన కళ్ళు తెరిచాడా? తెరవలేదా?”

“ఆగండి” అంది అత్త.

ఎవరూ వినలేదు. ఆమె గొంతే అంత.

“డబ్బా తియ్యొద్దు! ఆగండి!”

మేనేజరుగారు ఆమె వైపు తిరిగారు.

“తప్పు నాది సార్. నిన్న సాయంత్రం నేనొకటి మార్చాను.”

“ఏం మార్చావు? ఎవరు మార్చమన్నారు? నాకెందుకు చెప్పలేదు?”

“చెబుతూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. తర్వాత తిట్టండి. ఇప్పుడు తీసేస్తాను.”

“తీస్తే సరిపోతుందా?”

ఇదే ఆమె భయపడిన ప్రశ్న. ఆ కాపలా పెట్టె మూడో బ్రాంచిలో ఉంది. దాన్ని ఆమె ఇక్కణ్ణుంచి అదే టన్నెల్‌లోంచి చెయ్యి దూర్చి మార్చాలి. మార్చగానే టన్నెల్ ఒకసారి తెగి మళ్ళీ కట్టుకుంటుంది. నిన్న సాయంత్రం బాగానే కట్టుకుంది, ఇవాళ పొద్దున డబ్బా మార్చినప్పుడూ కట్టుకుంది. ఆమె పంపే మార్పు ఈ ఇరుకు గుమ్మంలో సగమే దాటితే మళ్ళీ కట్టుకుంటుందో లేదో ఎవరికి తెలుసు? కట్టుకోకపోతే ఇప్పుడున్న పేరూ వయసూ కూడా పోతాయి. అక్కడ ఆ పెట్టెను ముట్టుకోవడం తెలిసిన మనిషి లేడు.

“సరిపోతుందనుకుంటున్నాను సార్.”

“అనుకుంటున్నావా?”

ఆమె ఫోన్ దగ్గరికి వంగి, “ఏమ్మా, నీ బల్ల వెనకాల, గోడకు, నల్ల పెట్టె ఒకటి ఉంటుంది చూడు” అంది.

“నా చున్నీ ఆరేసుకునేదా అక్కా?”

“ముందు ఆ చున్నీ తియ్యి తల్లీ. దాని ముందు నిలబడు. నేను చెప్పేదాకా ముట్టుకోకు. నేను కనబడకుండా పోతే, అంటే నా ఫోన్ కాదు, ఆ పెట్టె మీద రెండో లైటు ఆరిపోయి వెలక్కపోతే, అప్పుడు చెబుతాను ఏం చెయ్యాలో.”

“నాకు భయంగా ఉందక్కా.”

“నాకూ భయంగానే ఉంది. నిలబడు.”

టిక్కు తీసింది. సేవ్ నొక్కింది.

మూడో దీపం ఎర్రబడింది.

పది సెకన్లు. మేనేజరుగారి ఊపిరి వినబడుతోంది. ఇరవై. “అక్కా, లైటు ఆరిపోయింది.” “తెలుసు. ఉండు.” ముప్పై. అత్త తన చేతులను తొడల కింద పెట్టుకుంది, ఏదైనా నొక్కేస్తానేమోనని. నలభై. మామూలుగా అయితే ఈపాటికి కట్టుకోవాలి. యాభై. పలకరింపు పోతోంది, జవాబు లేదు. పోతోంది, జవాబు లేదు. అరవై దాటాక లెక్కపెట్టడం మానేసింది.

“అక్కా! వెలుగుతోంది. లేదు, ఆరింది. వెలిగింది! వెలిగిందక్కా!”

దీపం పచ్చబడింది. అత్త పచ్చదీపాన్ని నమ్మలేదు. పదిహేను వందల అక్షరాల మూట కట్టి పంపింది. ఈసారి జవాబు వచ్చింది. ఉన్నానని కాదు. పట్టదని. జీవితంలో తనను కాదన్న మాట విని అంత సంతోషపడింది అప్పుడేనట.

“స్కాన్ అతన్ని మళ్ళీ పంపమను. ఇప్పుడే.”

184లో 1. 184లో 2. కాసేపు రెండు దగ్గరే ఆగింది, మేనేజరుగారు “ఆగిందేం?” అన్నారు, 9 అయింది. 23. పై అంతస్తు నుంచి ఇంటర్‌కమ్‌లో డాక్టరుగారు, “వస్తున్నాయి, నేను చూస్తున్నాను, ఎవరూ మాట్లాడకండి” అన్నారు. నెట్ అతను కూడా లైన్‌లో ఊరికే ఉండిపోయాడు. 40. 58.

61 దగ్గర డాక్టరుగారు, “చాలు” అన్నారు. “ఎడమ వైపు నెత్తురుంది. బాగా ఉంది. బండి ఎక్కించండి, పెద్దాసుపత్రికి నేను ఫోన్ చేస్తున్నాను. ఎంతసేపైంది వీటిని తీసి?”

అత్త గడియారం చూసింది. పదకొండు ఇరవై ఆరు.

“గంట దాటిందండీ” అంది.

“గంటా!” అన్నారాయన. ఇంటర్‌కమ్ పెట్టేశారు.

మూడో బ్రాంచిలో స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఎవరో “తల, తల పట్టుకో” అనడం, ఒకావిడ ఏడుపు, తలుపు. తర్వాత ఆ అమ్మాయి. “ఎక్కించారక్కా. వాళ్ళావిడ చెప్పులు ఇక్కడే మర్చిపోయి వెళ్ళింది.”

నెట్ అతను నెమ్మదిగా, “అయితే మేడమ్, మా డబ్బా ఉంచమంటారా?” అన్నాడు.

“ఉంచండి. మీ తప్పు లేదు” అంది అత్త.

మేనేజరుగారు గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. “నువ్వు చెప్పకపోయుంటే నాకు తెలిసేది కాదు” అన్నారు. మెచ్చుకున్నారో, ఎందుకు చెప్పావన్నారో ఆ మాటలో తేలలేదు. “సాయంత్రం నాలుగింటికి నా గదికి రా. ఆ తనిఖీ కాగితం కూడా తీసుకురా.”

ఆయన వెళ్ళాక అత్త మళ్ళీ గడియారం వైపు చూసింది. గంట. ఆ గంటలో తను నోరు మూసుకున్న నిమిషాలెన్నో ఆమెకు ఒక్కదానికే తెలుసు. ఆ మనిషి పెద్దాసుపత్రి చేరతాడా? చేరితే కళ్ళు తెరుస్తాడా? ఫోన్ చేసి అడగాలంటే ఎవరినని అడగాలి, ఏమని చెప్పుకోవాలి? లేచి వెళ్ళిపోవాలనిపించింది. అలమారలో కప్పు ఉంది. దాని పక్కన తన కప్పు పెట్టి, బ్యాగు సర్దుకుని.

లేవలేదు. తెర మీద ఇంకో నాలుగు పచ్చదీపాలున్నాయి. నాలుగు చోట్లా ఆ టిక్కు అలాగే ఉంది. అక్కడ గుమ్మాలు ఇంకా ఇరుకవలేదు, అంతే తేడా. కొత్త డబ్బాలు అందరికీ మారుస్తున్నామని నెట్ అతనే చెప్పాడు. ఇవాళ మధ్యాహ్నమే ఏ బ్రాంచికి వెళ్తారో తెలియదు. టిక్కు తీస్తే మళ్ళీ టన్నెల్ తెగుతుంది. మళ్ళీ అరవై సెకన్లు, ఒక్కోచోటా. ఆ అరవై సెకన్లలో అక్కడ ఎవరుంటారో!

మొదటి బ్రాంచికి ఫోన్ చేసింది. అక్కడ స్కాన్ తీసే ఆయన కొంచెం వెటకారం మనిషి.

“ఏంటి మేడమ్, ఇవాళ మమ్మల్ని తలుచుకున్నారు?”

“మీ దగ్గర ఇప్పుడు యంత్రం మీద ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నారు. ఒక పెద్దావిడ. కడుపు. ఎందుకు మేడమ్, మీరూ వస్తారా? ఖాళీ చేయిస్తా.”

“ఆవిడ బొమ్మలన్నీ వచ్చి, డాక్టరుగారు చూశాక చెప్పండి. అప్పటిదాకా నేను లైన్‌లోనే ఉంటాను.”

“ఇరవై నిమిషాలు పడుతుంది మేడమ్. పెట్టేసి మళ్ళీ చేస్తాను కదా.”

“వద్దు. ఫోన్ పెట్టకండి.”

ఆయన నవ్వబోయి మానేశాడు. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత దూరంగా యంత్రం తిరిగే చప్పుడు, ఆయన గొంతు, “ఊపిరి బిగపట్టండమ్మా... వదలండి.” అత్త రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఆ పెద్దావిడతో పాటు ఊపిరి బిగపడుతూ, వదులుతూ కూర్చుంది.